మూడు పచ్చదీపములు

ఎంత ఎత్తున విహరించు పక్షియైనను సందెవేళకు కాలూనుటకొక కొమ్మను వెదకుకొనక తప్పదు. మానవుడు రెక్కలు కట్టుకొని ఆకాశమునకు ఎగసినను ఈ నియమము అతనిని విడువలేదు. విమానమనగానే మన తలపు రెక్కల మీదికిని, యంత్రముల హోరు మీదికిని పోవును గాని, దాని కాళ్ళ మీదికి పోదు. అయినను ప్రయాణమంతయు ముగిసి, ఊరి దీపములు కంటబడి, ఆప్తులు ఎదురుచూచుచున్న ఆ చివరి నిమిషములలో వందలాది ప్రాణములను మోయవలసినవి ఆ కాళ్ళే. 'ఇల్లలుకగానే పండుగ కాదు' అను మన సామెత విమానమునకు చక్కగా వర్తించును. ఎగురుట సగము పని. క్షేమముగా దిగుట తక్కిన సగము.

వెనుకటి దినములలో మన పల్లెలందు రెండెడ్ల బండి కట్టి దూరప్రయాణమునకు బయలుదేరు రైతు, ఎడ్లను కాడికి కట్టక ముందే బండి చుట్టు ఒకసారి తిరిగెడివాడు. ఇరుసునకు కందెన ఉన్నదా, చక్రము జారిపోకుండ ఇరుసు కొనకు దిగవేసిన చీల బిగువుగా ఉన్నదా, చక్రపు ఇనుపపట్టా సడలినదా అని చేతితో తట్టి చూచుకొనెడివాడు. ఆ చూపునకు అతడు పేరేమియు పెట్టలేదు. అదే చూపు నేడు కోట్ల రూపాయల విమానము చుట్టు, చేత టార్చిలైటు పట్టుకొని తిరుగుచున్నది. బండిచీల ఊడినచో బండి దారిలో ఒరుగును. మరియొకరి సాయముతో లేవనెత్తవచ్చును. ఆకాశమున ఒరిగిన బండిని ఎత్తుటకు సాయము పట్టువారు లేరు. ఈ ఒక్క భేదము వలన రైతు అలవాటు విమానమునకు వచ్చుసరికి శాస్త్రముగా మారినది. ఆ శాస్త్రము ఎట్లు పుట్టినది, దానికి ఎంత మూల్యము చెల్లింపబడినది అను కథ విద్యార్థులును, ఉపాధ్యాయులును కూడ తెలిసికొనదగినది.

కాళ్ళు వచ్చిన కథ

1903వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన అమెరికాలోని కిట్టీహాక్ సమీపమున ఇసుకదిబ్బల నడుమ రైట్ సోదరులు ఎగురవేసిన విమానమునకు చక్రములు లేవు. నేల మీద పరచిన ఒక కొయ్యపట్టా మీద చిన్న బండి వంటి దానిపై ఆ యంత్రమును నిలిపిరి. యంత్రము గాలిలోనికి లేవగానే ఆ బండి క్రిందనే ఉండిపోయెను. దిగునపుడు విమానము తన అడుగున అమర్చిన రెండు కొయ్యబద్దల మీద ఇసుకలో జారి నిలిచెను. తొలిసారి అది ఎగిరినది 12 సెకండ్లు, 120 అడుగులు మాత్రమే. అంత చిన్న ప్రయాణమునకు ఇసుకయే చాలినది. 1906లో పారిసు నగరమున శాంటోస్ డ్యూమాంట్ అను బ్రెజిల్ దేశీయుడు చక్రములు గల విమానమును నడపి, దాని చక్రముల మీదనే పరుగెత్తించి గాలిలోనికి లేపెను. నాటి నుండి విమానమునకు కాళ్ళు స్థిరపడినవి.

ఆ కాళ్ళు మొదట మడువబడునవి కావు. కొంగ కాళ్ళవలె ఎగురునంత సేపును క్రిందికి వ్రేలాడుచునే ఉండెడివి. విమానపు వేగము పెరిగిన కొలదియు అవి పెద్ద అడ్డంకి అయినవి. వేగము రెండింతలైనచో గాలి యెదిరింపు నాలుగింతలగునని భౌతికశాస్త్రము చదివిన విద్యార్థులకు తెలియును. కావున 1930 ప్రాంతమునకు వచ్చుసరికి, పక్షి తన కాళ్ళను పొట్టలోనికి ముడుచుకొనునట్లు విమానమును ముడుచుకొనవలెనని శిల్పులు నిశ్చయించిరి. 1935 డిసెంబరులో తొలిసారి ఎగిరిన డగ్లస్ డీసీ-3 విమానమున చక్రములు యంత్రముల క్రింది గూళ్ళలోనికి పోవునట్లు అమర్చిరి. అయినను అవి పూర్తిగా దాగక సగము వెలుపలనే కనబడుచుండెడివి. ఒకవేళ కాళ్ళు చాపకుండ దిగవలసి వచ్చినను ఆ సగము చక్రములే నేలను తాకి పొట్టను కొంతవరకు కాపాడెడివి. మన దేశమున డకోటా అను పేరుతో ప్రసిద్ధికెక్కిన విమానము ఇదియే. 1953లో విమానయానము జాతీయము చేయబడు వరకు హైదరాబాదు బేగంపేట నుండి నడచిన డక్కన్ ఎయిర్‌వేస్ వారి విమానములు కూడ ఈ డకోటాలే.

కాలు మడచుట వలన వేగము పెరిగినది, ఇంధనము మిగిలినది. కాని దానితో పాటు మునుపు లేని భయమొకటి పుట్టినది. మడచిన కాలు వేళకు తిరిగి చాచుకొనునా? చాచుకొన్నను బరువు పడినపుడు కూలక నిలుచునా? నిలుచునని దిగక ముందే తెలియుట ఎట్లు?

కాలిలోని కౌశలము

ఈ ప్రశ్నలకు సమాధానముగా నేటి విమానపు కాలు ఎట్లు నిర్మింపబడినదో చూతము. ఇంగ్లీషున దీనిని ల్యాండింగు గేరు అందురు. నూటయేబది మందికి పైగా ప్రయాణికులను మోయు విమానము దిగునపుడు సుమారు 65 టన్నుల బరువుతో, గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగముతో నేలను తాకును. ఆ తాకిడిని భరించునది ఉక్కుకాలు మాత్రమే కాదు; దాని లోపలి నూనెయు, నత్రజని వాయువును. కాలు రెండు గొట్టములుగా, ఒకదానిలో ఒకటి దూరునట్లు ఉండును. చక్రము నేలను తాకగానే లోపలి గొట్టము పైకి పోవును. అప్పుడు నూనె ఒక సన్నని రంధ్రము గుండ బలవంతముగా దూరవలసి వచ్చును. పైనున్న వాయువు అదుముడుపడును. హోలీనాడు పిల్లలు పిచికారీని నొక్కునపుడు చేతికి తగులు ఎదురునెట్టు ఎట్టిదో ఇదియు అట్టిదే. తాకిడి శక్తి నూనెలో వేడిగా మారి అణగిపోవును. ప్రయాణికునకు తెలియునది ఒక చిన్న కుదుపు మాత్రమే.

కాలు మడచుటకును, చాచుటకును నూనె ఒత్తిడియే ఆధారము. పెద్ద విమానములలో ఈ హైడ్రాలిక్ ఒత్తిడి చదరపు అంగుళమునకు సాధారణముగా 3,000 పౌనులు ఉండును. మడచిన కాలిని పైన ఒక కొక్కెము పట్టి ఉంచును; చాచిన కాలిని కూలకుండ మరియొక గడియ బిగించి ఉంచును. ఒకవేళ ఒత్తిడి పూర్తిగా పోయినచో ఏమి గతి? పైకొక్కెములను వేరుమార్గమున విడిపించినచో కాళ్ళు తమ బరువు చేతనే క్రిందికి జారి, గడియలు పడునట్లు శిల్పులు ఏర్పరచిరి. యంత్రబలము విఫలమైనచోట భూమ్యాకర్షణమును పనికి పిలిచిరన్నమాట.

ఇక గడియ పడినదని పైలటునకు తెలియుట ఎట్లు? తాను కూర్చున్న చోటి నుండి అతడు తన విమానపు కాళ్ళను చూడలేడు. అందుచేత ప్రతి కాలికిని ఒక దీపము అమర్చబడినది. ముక్కుకాలికి ఒకటి, ఎడమ కాలికి ఒకటి, కుడి కాలికి ఒకటి. కాలు చాచుకొని గడియ పడినపుడే దాని దీపము ఆకుపచ్చగా వెలుగును. మూడు పచ్చదీపములు వెలిగినచో మూడు కాళ్ళును సిద్ధమని అర్థము. దిగు ప్రతి పైలటును ఆ మూడింటి కొరకు చూచును. ఆ మూడింటిలో ఒకటి వెలుగకపోయిన రాత్రి జరిగినదేమో ఇప్పుడు చెప్పవలసి ఉన్నది.

ఒక చిన్న బల్బు

1972వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీ రాత్రి. న్యూయార్కు నుండి 176 మందితో బయలుదేరిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వారి 401వ నంబరు విమానము మయామీ నగరమును సమీపించినది. అది లాక్‌హీడ్ ట్రైస్టార్. నాలుగు నెలల క్రిందటనే పనిలోనికి వచ్చిన క్రొత్త విమానము. కాళ్ళు చాపిన పిమ్మట రెండు పచ్చదీపములే వెలిగినవి. ముక్కుకాలి దీపము వెలుగలేదు.

కాలు రాలేదా? లేక దీపమే చెడినదా? సంగతి తేల్చుకొనుటకు వారు దిగుట మాని, 2,000 అడుగుల ఎత్తునకు ఎక్కి, విమానమును ఆటోపైలటునకు అప్పగించి, పడమరగా మనుష్యసంచారము లేని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలల మీదికి పోయిరి. అంతవరకు చేసినదంతయు సక్రమమే. పిమ్మట సహపైలటు దీపపు అమరికను ఊడదీసి చూచెను. తిరిగి పెట్టబోగా అది ఇరుకున పడి కదలలేదు. ఇంజనీరును కాలు కంటితో చూచిరమ్మని క్రింది అరలోనికి పంపిరి. ఆ అరలోనికి సంస్థ మరమ్మతుశాఖకు చెందిన నిపుణుడొకడు కూడ పోయెను. పై గదిలో మిగిలిన వారి కన్నులు, మాటలు, చేతులు ఆ బల్బు మీదనే ఉన్నవి.

ఈ నడుమ ఎవరి చేయియో నడుపు కాడిని కొంచెము నొక్కినది. ఆ నొక్కుడునకు ఆటోపైలటు ఎత్తును నిలుపు పనిని విడిచివేసినదని పిమ్మటి విచారణలో తేలినది. విమానము మెల్లమెల్లగా, ఎవరికిని తెలియకుండ, క్రిందికి జారసాగినది. వెలుపల చంద్రుడు లేడు, దీపములు లేవు. కంటికి నేల ఆనవాలు లేదు. నిర్ణీతమైన ఎత్తు నుండి 250 అడుగులు దిగగానే ఇంజనీరు స్థానము వద్ద ఒక హెచ్చరిక గంట మ్రోగినది. అతడు క్రింది అరలో ఉన్నాడు. తక్కినవారెవ్వరును దానిని వినిపించుకొన్న జాడ లేదు. నేల మీది రాడారు అధికారి తన తెర మీద 900 అడుగులని చూచి, అక్కడి పని ఎట్లు సాగుచున్నదని అడిగెను గాని, ఎత్తును గూర్చి ప్రత్యేకముగా అడుగలేదు. రాత్రి 11 గంటల 42 నిమిషములకు విమానము చిత్తడినేలను ఢీకొనినది. 101 మంది మరణించిరి; 75 మంది బ్రతికిరి.

శిథిలములలో పరిశోధకులు చూచినదేమి? ముక్కుకాలు చక్కగా చాచుకొని, గడియపడి ఉన్నది. దోషము కాలిది కాదు. ఆరిపోయినవి దీపములోని చిన్న బల్బులు.

ఈ ఘటనను చదువునపుడు తెలుగువానికి అవధానసభ స్ఫురింపక మానదు. అష్టావధానమున అవధాని చుట్టు పృచ్ఛకులు కూర్చుందురు. ఒకరు సమస్య ఇత్తురు. ఒకరు నిషేధింపబడిన అక్షరముతో పద్యమును కట్టడి చేయుదురు. ఒకరు నడుమనడుమ గంట కొట్టుచుందురు. ఎన్ని గంటలు మ్రోగినవో అవధాని తుదను తప్పక చెప్పవలెను. దానికి ఘంటాగణనమని పేరు. ఇక అప్రస్తుత ప్రసంగి పని, సంబంధము లేని మాటలతో అవధాని మనస్సును చెదరగొట్టుటయే. విమానపు గదిలో ఆ రాత్రి ఆరిన బల్బు అప్రస్తుత ప్రసంగి అయినది. గంట మ్రోగినది గాని గణించినవాడు లేడు. అవధాని ఒక్కడే ఎనిమిది పనులను మోయును. అక్కడనో, నలుగురు కూడి ఒక్క పనినే మోసిరి. విమానమును నడపుట అను అసలు పని ఎవరికిని దక్కలేదు. ఆ నలుగురును అనుభవము గలవారు, తమ పని ఎరిగినవారు. అందుచేతనే ఈ కథ మనలను భయపెట్టును. మూర్ఖుని తప్పు మనది కాదని తప్పించుకొనవచ్చును. నిపుణుని తప్పు నుండి అట్లు తప్పించుకొనలేము.

అనంతర కాలమున 1981లో అమెరికా ప్రభుత్వ విమానయాన శాఖ ఒక నిబంధన చేసినది. ప్రయాణపు విమానము 10,000 అడుగులకు లోపల ఉన్నంత సేపు పైలట్లు విమానము నడపుటకు అవసరము లేని మాటగాని పనిగాని చేయరాదు. మన మాటలలో చెప్పవలెనన్న, అప్రస్తుత ప్రసంగమునకు చట్టము చేత నిషేధము విధింపబడినది.

చెప్పలేకపోయిన మాట

ఆరు సంవత్సరముల పిమ్మట, 1978 డిసెంబరు 28వ తేదీన, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వారి 173వ నంబరు విమానమున మరల కాలి సందేహమే వచ్చినది. 189 మందితో పోర్ట్‌లండు నగరమును సమీపించి కాళ్ళు చాపగా, కుడికాలు పెద్ద చప్పుడుతో జారి పడినది. దానిని పట్టియుంచు భాగము తుప్పు చేత తినబడి తెగినది. ఆ అదురునకు దీపపు స్విచ్చి చెడినది. కాలు నిజముగా దిగియే ఉన్నది. దీపము మాత్రము ఆ మాట చెప్పలేదు. కాప్టెను ప్రయాణికులను ఆపద్దశకు సిద్ధము చేయించుచు, సుమారు ఒక గంట సేపు ఆకాశముననే తిరిగెను. ఇంధనము తరుగుచున్న సంగతి తోడివారికి తెలియును. వారు సూచనగా చెప్పిరి గాని, పెద్దవాని ముందు గట్టిగా చెప్పలేకపోయిరి. తుదకు యంత్రములు ఒకటి వెంట ఒకటి ఆగిపోయి విమానము ఊరి వెలుపల చెట్ల నడుమ పడినది. పదిమంది మరణించిరి.

దీని నుండి కలిగిన పాఠము యంత్రమునకు సంబంధించినది కాదు, మర్యాదకు సంబంధించినది. చిన్నవాడు పెద్దవానికి ఆపద సంగతి నిస్సంకోచముగా చెప్పవలెను. పెద్దవాడు దానిని అవమానముగా భావింపక వినవలెను. ఈ శిక్షణమును యునైటెడ్ సంస్థ 1981లో తన పైలట్లకు ప్రారంభించినది. పిమ్మట ఇది లోకమంతటను వ్యాపించినది. పెద్దల మాటకు ఎదురాడరాదని నేర్చి పెరిగిన మన పిల్లలకు ఈ పాఠము కొంత వింతగా తోచవచ్చును. అయితే నల్లబల్ల మీద గురువు లెక్క తప్పు వేసినపుడు, 'అయ్యా, అక్కడ ఒకసారి చూడుడు' అని లేచి చెప్పిన బాలుడు గురువునకు ఎదురాడినవాడు కాడు, గురువునకు తోడ్పడినవాడు.

పట్టీ పుట్టిన రోజు

విమానము లేవక ముందు చూడవలసిన సంగతుల పట్టీ కూడ ఒక చావు నుండియే పుట్టినది. 1935 అక్టోబరు 30వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున రైట్ ఫీల్డ్ అను సైనిక విమానాశ్రయము నుండి బోయింగు వారి 299వ నమూనా విమానము పరీక్షార్థము లేచినది. నాలుగు యంత్రములు గల ఆ మహావిమానమును నడపినవాడు మేజర్ ప్లాయర్ హిల్, సైన్యమున పేరెన్నికగన్న పరీక్షా పైలటు. విమానము నిట్టనిలువుగా లేచి, పట్టు తప్పి, నేలకొరిగి మండిపోయినది. హిల్‌తో పాటు బోయింగు వారి ముఖ్య పరీక్షా పైలటైన లెస్లీ టవర్ కూడ ఆ ప్రమాదము వలననే ప్రాణము కోల్పోయెను.

కారణమేమి? విమానము నేల మీద నిలిచియున్నపుడు గాలివిసురులకు దాని తోక రెక్కలు కొట్టుకొనకుండ ఒక గడియ వేయుదురు. లేచుటకు ముందు ఆ గడియను తీయుట మరచిరి. ఒక్క గడియ, అంతే. ఇంత జటిలమైన విమానమును నడపుట మనుష్యునకు శక్యము కాదని కొందరు అనిరి. కాని సైనిక పైలట్లు మరియొక విధముగ ఆలోచించిరి. హిల్ కంటె ఎక్కువ నేర్పరిని తెచ్చినను అతడును మరచుటకు అవకాశమున్నది. కావున జ్ఞాపకమును పెంచుట కాదు, జ్ఞాపకము మీద ఆధారపడుట తగ్గించుటయే మార్గమని వారు గ్రహించిరి. లేచుటకు ముందు, ఎగురునపుడు, దిగుటకు ముందు, దిగిన తరువాత చూడవలసిన వానిని చిన్న పట్టీలుగా వ్రాసికొనిరి. ఒకరు చదువవలెను, మరియొకరు చేయితో తాకి, కంటితో చూచి, బదులు చెప్పవలెను. ఆ విమానమే పిమ్మట బీ-17 అను పేరుతో పన్నెండు వేలకు పైగా నిర్మింపబడి, రెండవ ప్రపంచ యుద్ధమున ఎగిరినది.

నేటికిని చిన్న విమానములలో కాళ్ళు చాపుటయే మరచి పొట్ట మీద దిగిన పైలట్లు ఉన్నారు. వారి విమానమున ఏ దోషమును ఉండదు. హెచ్చరిక గంట కూడ మ్రోగుచునే ఉండును. పైలట్లలో రెండే జాతులు కలవనియు, కాళ్ళు చాప మరచినవారు ఒకరు, ఇక ముందు మరువబోవువారు మరియొకరనియు వారిలో వారే హాస్యమాడుదురు. ఆ హాస్యములో వినయమున్నది. పట్టీకి తల వంచుటయే ఆ వినయము.

ఎఱ్ఱరిబ్బను, టైరు, గాలి

బయలుదేరుటకు ముందు పైలట్లలో ఒకరు విమానము చుట్టు కాలినడకన తిరుగుదురు. ముక్కు వద్ద ప్రారంభించి, ఒక ప్రక్కగా పోయి, తోకను చుట్టి, రెండవ ప్రక్కగా బయలుదేరిన చోటికే వత్తురు. మన గుడి ప్రదక్షిణము వంటిదే. కాళ్ళ వద్ద ఎక్కువ సేపు నిలుతురు. కాలి లోపలి గొట్టము మెరుపు ఎంత మేర కనబడుచున్నదో చూతురు. తక్కువ కనబడినచో లోపలి వాయువో నూనెయో తగ్గినదని శంకింపవలెను. గొట్టముల వెంట నూనెచెమ్మ ఉన్నదా, టైరులో గాటు పడినదా, బ్రేకు అరుగుదల ఎంతవరకు వచ్చినది అను వానిని పరీక్షింతురు.

నేల మీద ఉన్నపుడు కాలు పొరబాటున మడతపడకుండ ఒక ఇనుపచీలను దాని కీలులో దూర్తురు. మన బండిచీలకు ఇది తోబుట్టువు. ఎగురుటకు ముందు తీయవలెనని వ్రాసిన ఎఱ్ఱని రిబ్బను దానికి వ్రేలాడుచుండును. తీయ మరచినచో కాలు మడువబడదు. విమానము తిరిగి వచ్చి దిగవలసి ఉండును. వేయవలసిన చోట వేయకపోయినను ముప్పే. 2021 జూన్ 18వ తేదీన లండను హీత్రూ విమానాశ్రయమున నిలిచియున్న ఒక బోయింగు 787 విమానపు ముక్కుకాలు హఠాత్తుగా మడతపడి, ముక్కు నేలకు ఆనినది. చీల ఉన్నది, కాని దానిని దూర్చవలసిన రంధ్రమున కాక, ప్రక్కనున్న మరియొక రంధ్రమున దూర్చిరి. ఆ రెండవ రంధ్రమును మూసివేయవలెనని అధికారులు ముందే ఆదేశించి యుండిరి. గడువు ఇంకను మిగిలియుండుట చేత ఆ విమానమునకు ఆ పని జరుగలేదు.

టైరు సంగతి మరింత గంభీరమైనది. పెద్ద విమానపు టైరులో ఒత్తిడి చదరపు అంగుళమునకు సుమారు 200 పౌనులు. మన కారు టైరులో 30 చిల్లర మాత్రమే. దానిలో నింపునది మామూలు గాలి కాదు, నత్రజని. గాలిలోని ప్రాణవాయువు మంటకు తోడగును, నత్రజని తోడుకాదు. 1986 మార్చి 31వ తేదీన మెక్సికానా సంస్థకు చెందిన 727 విమానమున మామూలు గాలి నింపిన టైరు, బ్రేకు వేడికి కాగి, ఆకాశమున ప్రేలినది. 167 మందిలో ఒక్కరును మిగులలేదు.

1991 జూలై 11వ తేదీన జెడ్డా నగరమున జరిగినది ఇంతకంటె హృదయవిదారకము. యాత్ర ముగించుకొని నైజీరియాకు తిరిగిపోవు ముస్లిము యాత్రికులతో ఒక డీసీ-8 విమానము బయలుదేరినది. దాని టైరులలో ఒత్తిడి చాలదని మరమ్మతు పనివారికి ముందే తెలియును. నత్రజని తెప్పించి నింపుటకు సమయము పట్టును; ప్రయాణము ఆలస్యమగును. అందుచేత ఆ పని జరుగలేదు. పరుగులో ఒక టైరు తన భారమును ప్రక్క టైరు మీద మోపినది. రెండును చితికి, రాపిడికి రగులుకొన్నవి. గాలిలోనికి లేవగానే నియమానుసారముగా కాళ్ళు మడచిరి. మండుచున్న చక్రము విమానపు పొట్టలోనికి పోయినది. నిప్పును స్వయముగా ఇంటిలోనికి తెచ్చుకొన్నట్లయినది. తిరిగి దిగవలెనని ప్రయత్నించుచుండగానే విమానము కూలినది. 261 మందియు మరణించిరి. మిగిల్చుకొనవలెనని చూచినది కొంత సమయము మాత్రమే.

మోయు భారమును బట్టి చక్రముల సంఖ్య కూడ ఉండును. బోయింగు 747కు 18 చక్రములు, ఎయిర్‌బస్ 380కి 22. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారు ఎయిర్‌బస్ 320 విమానములను తెప్పించుకొనునపుడు, ఇతర దేశములలో ఒక్కొక్క ప్రధాన కాలికి రెండేసి చక్రములుండగా, తమకు నాలుగేసి చక్రములు అమర్చి యిమ్మని కోరిరి. బలము చాలని మన రన్‌వేల మీద భారము పరచుకొనవలెనని వారి ఉద్దేశము. నేలను ఎరిగి కాలు పెట్టుమన్నది పెద్దలమాట గదా!

ఊడిన మీట

తుదిగా, ప్రాణనష్టము లేని కథ ఒకటి. 2011 నవంబరు 1వ తేదీన పోలండు దేశపు లాట్ సంస్థకు చెందిన బోయింగు 767 విమానము 231 మందితో అమెరికా నుండి వార్సా నగరమునకు వచ్చినది. బయలుదేరిన కొలది సేపటికే ఒక గొట్టము పగిలి, కాళ్ళను కదుపు నూనె కారిపోయినది. సముద్రము దాటి వచ్చి కాళ్ళు చాపగా అవి రాలేదు. కొక్కెములను విడిపించు రెండవ మార్గమును ప్రయత్నించిరి, అదియు పనిచేయలేదు. వైమానిక దళపు విమానములు దగ్గరకు వచ్చి చూచి, కాళ్ళు లోపలనే ఉన్నవని తెలిపినవి. కాప్టెను తాదేవుష్ వ్రోనా విమానమును పొట్ట మీదనే, నురుగు పరచిన రన్‌వే నడిగీత మీద, మెత్తగా దింపెను. ఒక్కరికిని గాయము తగులలేదు. వ్రోనా అనగా పోలిష్ భాషలో కాకి. ఆ కాకి కొమ్మ లేకుండనే వాలినదన్నమాట. దేశమంతయు అతనిని కొనియాడినది.

అయితే పరిశోధకులు నేర్పును మెచ్చుకొని ఊరకుండలేదు. ఇండ్లలోని ఫ్యూజు వంటి సర్క్యూటు బ్రేకరొకటి, సహపైలటు సీటు ప్రక్కన నేలకు దగ్గరగా ఉన్నది, ఊడి బయటికి వచ్చి ఉండుట కనుగొనిరి. రెండవ మార్గమునకు విద్యుత్తు అందించునది అదియే. విమానమును లేవనెత్తి, ఆ మీటను లోనికి నొక్కి చూడగా కాళ్ళు క్రిందికి వచ్చినవి. ఒక్క వ్రేలితో చేయదగిన పని! ఆ మూలకు చూపు పోలేదు. ప్రశంసించుచునే ప్రశ్నించుట, ప్రశ్నించుచునే నిందింపకుండుట అను ఈ పద్ధతి వలననే విమానయానము నానాటికి సురక్షితమైనది. 'ఎవడు చేసెను' అని ఆగిపోక 'ఎట్లు జరిగెను' అని అడుగుట దాని మూలసూత్రము.

మన బడిపిల్లలు ఎక్కముల నుండి పద్యముల వరకు కంఠస్థము చేయుదురు, చేయవలసినదే. ధారణశక్తి మన జాతికి గర్వకారణము. అవధాని సభలో ఒక్క అక్షరము తప్పినచో సభ్యులు నవ్వి ఊరకుందురు. పైలటు తప్పినచో నవ్వుటకు ఎవరును మిగులరు. అందుచేత అతడు వేయిసార్లు నడిపిన విమానమునకైనను, కంఠస్థమైన పట్టీనే మరల చేతబట్టి, తొలిసారి చదువుచున్నవానివలె చదువును. పరీక్షకాగితము ఇచ్చివేయక ముందు ప్రశ్నసంఖ్యలను మరల సరిచూచుకొను బాలుడును, ప్రయోగశాలలో దీపము వెలిగింపక ముందు గొట్టమును తడవి చూచు ఉపాధ్యాయుడును అదే విద్యను అభ్యసించుచున్నారు.

ఇకమీదట ఎప్పుడైన విమానాశ్రయపు అద్దముల వద్ద నిలిచినపుడు క్రిందికి చూడుడు. ఒక మనిషి విమానపు చక్రము ప్రక్కన వంగి, టార్చిలైటు వేసి చూచుచుండవచ్చును. అతడు కొంచెము ఆలస్యము చేసినను విసుగుకొనవలదు. ఆ చూపునకు పెట్టుబడిగా ఇదివరకే ఎందరి ప్రాణములో చెల్లింపబడినవి.